చర్చకు దిగే ముందు: సురవరం వారి జీవితం చెప్పే పాఠం

స్వర్ణోత్సవ సంచికకు ఏమైనా రాయమని మిత్రులు అడిగితే నాకు మొదట గుర్తుకొచ్చింది మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు. దానికొక కారణం ఉంది. మా ఆఫీసుకు కొత్తగా వచ్చే ఇంజనీర్లు లెక్కలు చక్కగా చేస్తారు. నలుగురిలో కూర్చొని ఆ లెక్క మీద మాట్లాడమంటే మాత్రం తల దించుకుంటారు. పల్లె బడుల్లో, తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు ఈ బెరుకు మరీ ఎక్కువ. యూనివర్సిటీల్లో సెమినార్, ట్యుటోరియల్ క్లాసులు ఉన్నది ఈ బెరుకు పోగొట్టడానికే.

ప్రతాపరెడ్డి గారు 1896లో పుట్టారు. స్వగ్రామం అలంపురం ప్రాంతంలోని ఇటికాలపాడు. మద్రాసులో బి.ఏ. చదివి, లా కూడా పూర్తి చేసి, హైదరాబాదులో రెడ్డి హాస్టల్ బాధ్యతలు చేపట్టారు. ఆ రోజుల్లో నగరంలో తెలుగువాడు సభలో తెలుగులో మాట్లాడటమే సాహసం. 1921లో ఒక సభలో అలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో ప్రసంగించబోతే గోల చేసి ఆపేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. అది ఆంధ్ర మహాసభగా ఎదిగి 1930లో జోగిపేటలో మొదటిసారి సమావేశమైనప్పుడు అధ్యక్షత వహించింది మన సురవరం వారే.

అంతకుముందే, 1926లో, ఆయన గోలకొండ పత్రికను ప్రారంభించారు. తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకటి అచ్చులో వచ్చింది. ఆయన దానికి కోపంతో బదులివ్వలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. ఆ తర్వాత ఇక వాదించాల్సిన అవసరమే రాలేదు.

1949 నాటి ఆంధ్రుల సాంఘిక చరిత్రలోనూ అదే పద్ధతి. రాజుల యుద్ధాలను పక్కన పెట్టి, సామాన్యులు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అన్నది కావ్యాల నుంచి ఏరి చూపారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1953లో కన్నుమూశారు. 1955లో ఆ గ్రంథానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అందుకోవడానికి ఆయన లేరు.

కాలేజీకి వెళ్తున్న మన బడి పిల్లలకు నేను చెప్పేది ఇంతే. చర్చ క్లాసుకు ముందే పాఠం చదివి, కనీసం ఒక ప్రశ్న, ఒక ఆధారం కాగితం మీద రాసుకొని వెళ్లండి. ఎదుటివారు చెప్పింది పూర్తిగా వినండి. కాదనాలనిపిస్తే మనిషిని కాదు, మాటను కాదనండి. ఇంగ్లీషు తడబడితే తడబడనీయండి. మొదటి పది నిమిషాల్లోనే ఒక్క మాటైనా అనండి, ఆలస్యమైన కొద్దీ నోరు పెగలదు. ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి: వారానికి ఒక పీరియడ్ పిల్లల మాటకే వదిలిపెట్టండి. నోరు విప్పే అలవాటు ఇక్కడ పడితే యూనివర్సిటీలో కొత్తగా నేర్చుకోనక్కరలేదు.