ఐలమ్మ ఇల్లు

ఊరూరా ఐలమ్మ విగ్రహాలు లేస్తున్నాయి. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెడుతున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. మంచిదే. కానీ విగ్రహం ఎప్పుడూ ఒంటరిగానే నిలబడి ఉంటుంది. పక్కన భర్త ఉండడు, కొడుకులు ఉండరు, కూతురు అసలే ఉండదు. కుటుంబాల గాయాలు వినడమే పనిగా ఉన్న నాలాంటి కౌన్సెలర్‌కు ముందు ఆ ఖాళీ జాగానే కనిపిస్తుంది. దొర కొట్టిన దెబ్బ ఒక్క మనిషికి తగల్లేదు, ఇంటింటికీ తగిలింది. ఆ ఇల్లు చెదిరిపోకుండా ఎట్లా నిలబడింది? బచ్చన్నపేటలో కూర్చుని ఆమె జీవితాన్ని మళ్లీ చదువుతుంటే నన్ను వదలని ప్రశ్న ఇదే. పాలకుర్తి మాకు పరాయి ఊరు కాదు. ఇవాళ రెండూ జనగామ జిల్లాలోనే ఉన్నాయి. నిజాం కాలంలో పాలకుర్తి నల్గొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది.

ఐలమ్మ 1895 సెప్టెంబర్ 26న ఇప్పటి రాయపర్తి మండలంలోని కృష్ణాపురంలో పుట్టింది. ఓరుగంటి మల్లమ్మ, సాయిలుల నాలుగో సంతానం. పసితనంలోనే పెళ్లి చేసి పాలకుర్తి పంపారు. భర్త చిట్యాల నర్సింహ. చాకలి ఇల్లంటే ఊరి మైలంతా మోసే ఇల్లు. దొర బట్టలు, పట్వారీ బట్టలు, ఊరికొచ్చిన అధికారి బట్టలు ఉతికిపెట్టాలి, కూలి అడగొద్దు. మాదిగలు ఊరికే చెప్పులు కుట్టివ్వాలి, మాలలు ఊరికే మూటలూ కబుర్లూ మోయాలి. అందరినీ కట్టేసిన తాడు పేరు వెట్టి. ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆమె చిట్యాల ఐలమ్మ. ఇంటిపేరు వెనక్కి పోయి కులం పేరు ముందుకొచ్చింది. వెట్టి చేయించుకున్నవాళ్లు తక్కువ చేసి పిలిచిన పిలుపును జనం గౌరవంగా మార్చుకున్నారు, నిజమే. అయినా ఆ పేరు పలికినప్పుడల్లా నాకు నోట్లో ఏదో అడ్డం పడ్డట్టే ఉంటుంది.

వెట్టి ఒంటినే కాదు, ఇంటిని కూడా గుంజుకుంటుంది. కబురొస్తే పొయ్యి మీద కుండ దించి పోవాలి, చంటిపిల్లను వదిలి పోవాలి. గడి ముందు తండ్రి చేతులు కట్టుకుని నిలబడడం పిల్లలు చూస్తారు. ఆ దృశ్యం పిల్లల ఒంట్లో ఉండిపోతుంది. అందుకే ఐలమ్మ మల్లంపల్లి భూస్వామి దగ్గర భూమి కౌలుకు తీసుకుని నాలుగెకరాలు సాగు చేయడాన్ని బతుకుదెరువుగా మాత్రమే చూడలేను. తన పొద్దు మీద తనకు హక్కుందని ఆ కుటుంబం మొదటిసారి చేసి చూపించింది. పట్వారీ శేషగిరిరావు ఇంటిల్లిపాదినీ తన పొలం పనికి రమ్మంటే ఆమె పోలేదు.

1944లో భువనగిరి మహాసభ తరువాత ఆంధ్రమహాసభ పల్లెల్లోకి దిగింది. జనం దాన్ని సంఘం అన్నారు. ఐలమ్మ సంఘంలో చేరింది. విస్నూర్ దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి చేతిలో 40 వేల ఎకరాలు ఉండేవి. ఆయనకు నాలుగెకరాలు ఒక లెక్క కాదు. ఆయనకు కావాల్సింది భయం. కేసులు పెట్టించాడు. కోర్టులో ఓడిపోయాక కౌలు భూమిని తన పేరున రాయించుకుని, కోతకొచ్చిన వరి కోసుకు రమ్మని వందమందిని పంపాడు. భీమ్‌రెడ్డి నర్సింహారెడ్డి వంటి సంఘ కార్యకర్తలు కర్రలతో అడ్డం నిలబడ్డారు. దొర మనుషులు వెనక్కి పోయారు. వరి కోసింది సంఘం, కొట్టింది సంఘం, ధాన్యం బస్తాలు భుజాన వేసుకుని ఐలమ్మ ఇంట్లో దించింది సంఘం. ఎవరి మైల ఆమె మోసిందో ఆ పైకులాల ఇళ్లలో పుట్టిన కుర్రాళ్లు కూడా ఆ బస్తాలు మోశారు.

ప్రతీకారం ఇంటి మీదికే వచ్చింది. నాయకులను విస్నూర్‌కు పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టారు. ఐలమ్మ ఇల్లు తగలబెట్టారు. కూతురి మీద అత్యాచారం చేశారు. తల్లిని లొంగదీయడానికి బిడ్డ ఒంటిని వాడుకున్నారు. కులాధిపత్యానికి ఈ పద్ధతి చాలా పాతది, ఇప్పటికీ పోలేదు. ఇట్లాంటి దాడి తరువాత చాలా ఇళ్లలో ఏం జరుగుతుందో నా పనిలో చూస్తుంటాను. కొట్టినవాడి మీద పోవాల్సిన కోపం ఎదిరించిన మనిషి మీదికి మళ్లుతుంది. ఊరుకుని ఉంటే ఇంత జరిగేది కాదుగదా అని ఇంట్లోవాళ్లే అంటారు. అక్కడితో దాడి చేసినవాడి పని పూర్తవుతుంది. దాడికి గురైన ఆడపిల్లనైతే మాటల్లోంచి కూడా తీసేస్తారు.

అమెరికా మానసిక వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో ట్రామా మీద రాసిన పుస్తకంలో ఒక వాదన చేసింది. హింస మనిషిని తోటి మనుషుల నుంచి విడదీస్తుంది, కాబట్టి కోలుకోవడం కూడా తోటి మనుషుల మధ్యే జరగాలంటుంది. అది చదివినప్పుడు నాకు ఆ ధాన్యం బస్తాలే గుర్తుకొచ్చాయి. దళిత విద్యార్థి హాస్టల్ గదిలో కుంగిపోతే మనం నిద్రమాత్ర, ఓదార్పు ఇచ్చి పంపిస్తాం. మాత్ర అవసరమైన చోట అవసరమే, కాదనను. కానీ అవమానించినవాడు రేపు అదే తరగతి గదిలో ఉంటాడు. ఐలమ్మకు భయపడొద్దని చెప్పి సంఘం ఊరుకోలేదు. భయపెట్టినవాడికి అడ్డంగా నిలబడింది. ఆమె పట్వారీ ఇల్లు కూల్చి ఆ జాగాలో మక్కలు పండించిందని ఊళ్లో చెప్పుకుంటారు. ఏ థెరపీ పుస్తకంలోనూ ఆ చికిత్స లేదు!

ఆ తరువాతి సంగతులు అందరికీ తెలిసినవే. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకీకి దొడ్డి కొమరయ్య బలయ్యాడు, పోరాటం సాయుధమైంది, 1948లో నిజాం రాజ్యం పోయింది, 1951 అక్టోబర్‌లో పోరాటాన్ని విరమించారు. నాయకులు కొందరు అసెంబ్లీకి, పార్లమెంటుకు వెళ్లారు. ఐలమ్మ పాలకుర్తిలోనే ఉంది. పోరాటం గురించి పుస్తకాలు వచ్చాయి. వాటిలో ఆమె ఒక సంఘటనగా ఉంది, ఒక తల్లిగా, ముసలితనం మీద పడుతున్న మనిషిగా లేదు.

ముప్పై ఏళ్లు దాటాక స్త్రీశక్తి సంఘటన ఆడవాళ్లు టేప్ రికార్డర్లతో పల్లెలు తిరిగారు. పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల పిల్లల సంగతి, ఇళ్ల సంగతి, పోరాటం ఆగాక ఏమయ్యారన్న సంగతి అడిగారు. అలా అడిగినవాళ్లలో ఐలమ్మ కూడా ఉంది. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి. ఆ కథనాలన్నీ కలిపి 'మనకు తెలియని మన చరిత్ర' పేరుతో 1986లో పుస్తకంగా వేశారు. ఐలమ్మ 1985 సెప్టెంబర్ 10నే చనిపోయింది.