ఆణంద్ పాలరైతుల పెద్దదిక్కు త్రిభువన్‌దాస్ పటేల్

అమూల్ పేరు వినని వాళ్లు మనలో ఉండరు. ఆ పేరు చెప్పగానే అందరికీ కురియన్ గారు గుర్తొస్తారు. ఆయన కంటే ముందే ఊరూరా తిరిగి రైతులను కూడగట్టిన త్రిభువన్‌దాస్ పటేల్ గారి గురించి మన యువతకు అంతగా తెలియదు. ఆయన మన తెగవారు కాదు, మన ప్రాంతం వారూ కాదు. కానీ చింతపండు, అడ్డాకులు సంతకు మోసుకెళ్లి, షావుకారు చెప్పిన ధరకే ఇచ్చి వచ్చిన పెద్దల పిల్లలం మనం. ఈ కథ మనకు కొత్తగా అనిపించదు.

1903 అక్టోబరు 22న గుజరాత్‌లోని ఆణంద్‌లో పుట్టారు. గాంధీజీ బాటలో నడిచి స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్లారు. అప్పట్లో ఖేడా జిల్లా పాలు పోల్సన్ కంపెనీ ద్వారా బొంబాయికి వెళ్లేవి. పాడి రైతుది, లాభం కంపెనీది, దళారులది. రైతులు సర్దార్ పటేల్ దగ్గరకు వెళ్లి మొర పెట్టుకున్నారు. సొంత సంఘం పెట్టుకోమని, ప్రభుత్వం ఒప్పుకోకపోతే పాలు ఆపేయమని ఆయన సలహా ఇచ్చారు. 1946 జనవరి 4న సమర్ఖా గ్రామంలో మొరార్జీ దేశాయ్ ఆధ్వర్యంలో సభ జరిగింది. తర్వాత పదిహేను రోజులు బొంబాయికి చుక్క పాలు వెళ్లలేదు. రోజూ పిండక తప్పదు, దాస్తే విరిగిపోతాయి. ఆ నష్టాన్ని పేద ఇళ్లు ఎలా భరించాయో మనం ఊహించుకోవాల్సిందే. చివరికి ప్రభుత్వమే దిగొచ్చింది.

1946 డిసెంబరు 14న జిల్లా సంఘం రిజిస్టరైంది. త్రిభువన్‌దాస్ గారే అధ్యక్షులు. రెండు ఊళ్ల సంఘాలతో, రోజుకు 250 లీటర్ల పాలతో పని మొదలైంది. పాలు పోసే వరుసలో కులం చూడలేదు, ముందొచ్చిన వారు ముందు. వెన్న శాతాన్ని బట్టి డబ్బు. మా దృష్టిలో డెయిరీ కంటే ఆ వరుసే పెద్ద పని.

1949లో ఆణంద్‌కు వచ్చిన కురియన్ గారు ఉద్యోగం వదిలి వెళ్లిపోబోతుంటే, యంత్రాలు బాగుచేసి వెళ్లమని ఆపింది త్రిభువన్‌దాస్ గారే. ఇంజనీరు పనిలో ఆయన తలదూర్చలేదు, రాజకీయాలను డెయిరీలోకి రానివ్వలేదు. 1963లో ఇద్దరికీ, దారా ఖురోడీ గారికీ కలిపి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మరుసటి ఏడాది పద్మభూషణ్. రాజ్యసభ సభ్యులుగానూ పనిచేశారు.

పదవి నుంచి తప్పుకున్నప్పుడు పాలు పోసే కుటుంబాలు తలా ఒక రూపాయి వేసుకుని ఆయనకు ఇచ్చాయి. ఆ సొమ్మును ఆయన ఇంటికి తీసుకెళ్లలేదు. దానితోనే పల్లెల్లో తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం త్రిభువన్‌దాస్ ఫౌండేషన్ మొదలైంది. 1994 జూన్ 3న ఆయన కన్నుమూశారు. ఫౌండేషన్ ఆరోగ్య కార్యకర్తలు ఆ తర్వాత కూడా పాల సంఘాలున్న ఊళ్లకు వెళ్తూనే ఉన్నారు.