యాదిలో నిలిచిన వాక్యము
(దోర్నకల్ బిషప్ అజరయ్య జీవితము)



కంఠస్థం అనే మాట వింటేనే మనలో చాలామందికి చిరాకు. పరీక్షకు ముందు రాత్రి సూత్రాలు బట్టీ పట్టడం, పొద్దున కాగితం మీద దింపి రావడం, సాయంత్రానికి మరచిపోవడం మనకు అలవాటే. మూలకాల పట్టికను గడగడ అప్పజెప్పగలిగిన వానికి ఆ వరుస ఎందుకట్లా ఉన్నదో తెలియకపోవచ్చు. అందుకే బట్టీ చదువు చదువే కాదంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని ఇదే తెలంగాణ నేల మీద, అక్షరం ముక్క రాని కూలి జనానికి కంఠస్థం చేయడాన్నే బడిగానూ గుడిగానూ చేసి చూపిన పెద్దమనిషి ఒకరు ఉండిరి. ఆయనే దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. దేవుని వాక్యాన్ని నోటికి నేర్చి, మనసులో నెమరు వేసుకొనే సాధన ఆయన చేతిలో ఎట్లా పనిచేసిందో ఈ నాలుగు పుటలలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

అజరయ్యగారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న అప్పటి తిరునెల్వేలి జిల్లాలో వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టినారు. తాటిచెట్లను నమ్ముకొని బతికే నాడార్ల కులం వారిది. తండ్రి హిందూ మతం నుండి క్రైస్తవంలోకి వచ్చి, ఒక పల్లె సంఘానికి గురువుగా పనిచేసినారు. తల్లి ఎల్లెన్ ఎంతో భక్తిపరురాలు. 1889లో తండ్రి చనిపోయేటప్పటికి పిల్లవానికి పదిహేనేండ్లు. తరువాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణితం చదివినారు. డిగ్రీ మాత్రం చేతికి రాలేదు. డిగ్రీ లేని ఆ మనిషికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మార్కుల జాబితా చూసుకొని దిగులుపడే మనబోటి వాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.

1895 నుండి 1909 వరకు ఆయన వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఊరూరు తిరిగి యువకుల మధ్య పనిచేసినారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెండ్లాడినారు. ఆ కాలంలోనే కాలేజీ చదువు చదివిన స్త్రీ ఆమె. 1902లో ఆయన సింహళంలోని యాఫ్నాకు వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో సువార్త పని నడుపుకోవడం చూసినారు. మనం ఎందుకు చేయలేం అనే ఆలోచన అక్కడ మొలకెత్తింది. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905లో క్రిస్మస్ రోజున బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టినాయి. రెంటి పుట్టుకలోనూ అజరయ్యగారి చెయ్యి ఉన్నది.

ఇతరులను పంపి తాను ఇంటి దగ్గర కూర్చునే మనిషి కాదాయన. తిరునెల్వేలి వాళ్ళు పని మొదలుపెట్టిన దోర్నకల్‌కు 1909లో తానే బయలుదేరినారు. దోర్నకల్ అప్పుడు నిజాం రాజ్యంలో అడవి అంచున ఉన్న చిన్న రైల్వే జంక్షన్. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. ఇల్లందు బొగ్గు గనులకు అక్కడి నుండే రైలు చీలుతుంది. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని మిత్రులకు సింగరేణి పేరు చెప్పి పరిచయం చేయాలంటే, ఆ బొగ్గు కథ మొదలైన దిక్కు అదే. మొదట్లో ఆయన కాపురం గుడారంలో. వయసు ముప్పయి అయిదేండ్లు. ఆ వయసులో కూర్చొని తెలుగు నేర్చుకున్నారు. మనం ఇంగ్లీషుకు భయపడ్డట్టు ఆయన తెలుగుకు భయపడలేదు.

1910లో స్కాట్లండ్‌లోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ అజరయ్యగారు తెల్ల మిషనరీల ముఖం మీదనే, మీరు మా కోసం త్యాగాలు చేసినారు, కాని మాతో స్నేహం చేయలేదు అనే భావం వచ్చేటట్టు ప్రసంగించినారు. కొందరికి కోపం వచ్చింది. ఆ మాట మాత్రం చరిత్రలో నిలిచింది. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే.

ఇక అసలు సంగతికి వస్తాను. దోర్నకల్ చుట్టుపక్కల ఆయన దగ్గరకు వచ్చిన జనం ఎవరు? ఎక్కువమంది మాల, మాదిగ వాడల వాళ్ళు. పొద్దంతా దొరల పొలాల్లో కైకిలి, పైన వెట్టి. పలకా బలపం ఎరుగరు. పుస్తకం చేతికిస్తే ఏ దిక్కు పట్టుకోవాలో తెలియదు. క్రైస్తవ మతమేమో పుస్తకం మీద నిలబడిన మతం. చదువు రాని మనిషికి ఆ పుస్తకం ఎట్లా అందాలి? చదువు వచ్చేదాకా ఆగమందామా? అట్లా అంటే ఒక తరం వెళ్ళిపోతుంది.

అజరయ్యగారు, ఆయన తోటి ఉపదేశకులు పట్టుకున్న దారి కంఠస్థం. బాప్తిస్మం అడిగిన వాళ్ళకు వెంటనే నీళ్ళు పోయలేదు. కొన్నాళ్ళపాటు నేర్పించినారు. ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి రావాలి. యేసు జీవితంలోని కథలు తమ మాటల్లో చెప్పగలగాలి. కీర్తనలు రావాలి. పగలు పని కాబట్టి పాఠం రాత్రిపూట. ఉపదేశకుడు ఒక ముక్క చెప్పుతాడు, అందరూ కలిసి అంటారు, మళ్ళీ అంటారు. కీర్తనలు దేశీ రాగాల్లో ఉండటం వల్ల నాలుక మీద తొందరగా నిలిచేవి. మన దిక్కు అమ్మలక్కలు చదువు లేకుండానే బతుకమ్మ పాటలు గంటలకొద్దీ పాడుతారు. ఒగ్గు కథ చెప్పేవాళ్ళు రాత్రంతా కాగితం లేకుండా కథ నడిపిస్తారు. పల్లె జనానికి లేనిది అక్షరమేగాని యాది కాదు. ఉన్నదాని మీద కట్టడం ఆయన తెలివి.

ఈ పద్ధతి ఆయన కొత్తగా కనిపెట్టింది కాదు. బైబిల్లోనే దీని వేర్లున్నాయి. దేవుని ఆజ్ఞలను ఇంట్లో కూర్చున్నప్పుడూ, దారిలో నడుస్తున్నప్పుడూ పిల్లలకు చెప్పాలని ద్వితీయోపదేశ కాండం ఆదేశిస్తుంది. అరణ్యంలో శోధన ఎదురైనప్పుడు యేసు ఇచ్చిన మూడు జవాబులూ ఆ గ్రంథం లోనివే. అప్పుడు ఆయన చేతిలో గ్రంథపు చుట్ట లేదు, మనసులో ఉన్నది. 119వ కీర్తనలో 176 వచనాలున్నాయి. హీబ్రూ అక్షరాలు 22, ఒక్కొక్క అక్షరానికి ఎనిమిది వచనాల చొప్పున వరుసగా కూర్చినారు. ఆ వరుస యాదికి ఊతకర్ర వంటిది. నాలుగవ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో పకోమియస్ పెట్టిన మఠాలలో చేరినవాడు కనీసం కీర్తనలూ కొత్త నిబంధనా నోటికి నేర్వవలసి ఉండేది. చాపలు అల్లుతూ వాటినే లోలోపల చెప్పుకొనేవారు.

ధ్యానం అన్నచోట బైబిల్ వాడే హీబ్రూ మాటకు లోగొంతుతో గొణగడం అనే అర్థం కూడా ఉన్నది. కండ్లు మూసుకొని మనసును ఖాళీ చేయడం కాదు, ఒక మాటను నోట్లో పెట్టుకొని తిప్పడం. వ్యవసాయం ఇండ్ల నుండి వచ్చిన మనకు ఇది చెప్పనక్కర లేదు. పొద్దంతా నాగలి దున్నిన ఎడ్లను కొట్టంలో కట్టేస్తే అవి పండుకొని నెమరు వేస్తాయి. మేసేటప్పుడు గబగబ మింగుతాయి. ఆ మేత ఒంటికి పట్టేది నెమరు వేసినాకనే. కంఠస్థం మేత, ధ్యానం నెమరు. మొదటిది లేకుంటే రెండవదానికి సరుకు లేదు. రెండవది లేకుంటే మొదటిది ఒంటికి పట్టదు. మన తెలుగులో జ్ఞాపకం తెచ్చుకోవడానికీ, ఎద్దు చేసే పనికీ ఒకే మాట ఉండటం ఊరికే కాదనిపిస్తుంది. నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ ఉన్న కూలి మనిషి చేతికి పని ఉంటుందిగాని మనసుకు తీరిక ఉంటుంది. రాత్రి నేర్చిన వాక్యం పగలు పొలంలో నెమరుకు వచ్చేది ఆ తీరికలోనే.

అజరయ్యగారు అప్పజెప్పడం దగ్గర ఆగలేదు. బాప్తిస్మం పొందేవారి చేత తమ చెయ్యి తమ తల మీద పెట్టించి, తాను బాప్తిస్మం పొందిన మనిషినని, ఈ మంచి కబురు పదిమందికి చెప్పకపోతే తనకే చేటు అని పలికించేవారు. ఆ రెండవ భాగం పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని మాట భావం. చదువు రాని కూలి మనిషి ఒక్క వాక్యం నేర్చినా, అది అతన్ని వినేవాని స్థానం నుండి చెప్పేవాని స్థానానికి మార్చింది. జీవితమంతా ఒకరి ఆజ్ఞలు వినడమే తెలిసిన వానికి ఇది చిన్న సంగతి కాదు.

నోటికి వచ్చింది నడతకు రావాలని కూడా ఆయన పట్టుబట్టినారు. తాగుడు మానడం, చచ్చిన పశువుల మాంసం మానడం, ఇల్లు వాకిలి శుభ్రంగా ఉంచడం పాఠంలో భాగమే. వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు సంఘానికని వేరే కుండలో వేయడం, పంట పండుగకు తొలి పంట తెచ్చి ఇవ్వడం నేర్పినారు. కానుకల విషయమై ఆయన ఒక పుస్తకమే రాసినారు. చేతిలో కాసు లేని వాళ్ళ దగ్గర అడగవచ్చునా అనే వారికి, ఇవ్వగలిగినవాడు బిచ్చగాడు కాడని ఆయన అభిప్రాయం. వాడల్లో వచ్చిన ఈ మార్పు చూసి 1930ల్లో శూద్ర కులాల వాళ్ళు కూడా సంఘంలోకి రాసాగినారు.

ఆ రోజుల్లోనే పెద్ద ప్రశ్న ఎదురయింది. 1935లో డాక్టర్ అంబేద్కర్ తాను హిందువుగా చావనని ప్రకటించినాక మత మార్పిడుల మీద దేశమంతా వాదన లేచింది. చదువు రాని హరిజనులకు ఒక మతానికీ మరొక మతానికీ ఉన్న తారతమ్యం తెలుసుకొనే శక్తి లేదని, వారి దగ్గర మతప్రచారం చేయడం తగదని గాంధీగారు వాదించినారు. మిషనరీల ఆశలు చూపే పద్ధతుల మీద గాంధీగారి ఆక్షేపణకు కారణాలు లేకపోలేదు. కాని తెలివి లేదన్న మాట అజరయ్యగారిని నొప్పించింది. ఆయన బ్రిటిష్ పక్షపాతి కారు, క్రైస్తవులకు ప్రత్యేక నియోజక వర్గాలు వద్దన్నవారు. అయినా తాను పాతికేండ్లుగా ఎరిగిన వాడల జనం ఆలోచించలేరంటే ఒప్పుకోలేకపోయినారు. చదువు రానంత మాత్రాన మనిషికి ఆలోచన లేదనడం సరికాదు. వాక్యాన్ని నోటికి నేర్చి, పొలంలో నెమరు వేసి, సారా కుండ పగులగొట్టిన మనిషి అర్థం చేసుకోలేదని ఎట్లా అంటాం? నా దృష్టిలో ఆ వాదనకు అసలు జవాబు పత్రికలలో కాదు, ఆ వాడలలో ఉన్నది.

అన్నీ తీరిపోయినాయని చెప్పడం నా ఉద్దేశం కాదు. మాల సంఘం, మాదిగ సంఘం అన్న తేడా దోర్నకల్‌లోనూ చావలేదు. దానితో అజరయ్యగారు చివరిదాకా పోరాడవలసి వచ్చింది. పొరుగువాణ్ణి ప్రేమించాలన్న ఆజ్ఞ నోటికి వచ్చిన వాళ్ళే పక్కన కూర్చొని తినడానికి వెనుకాడినారు. నెమరు వేయని మేత ఒంటికి పట్టదనడానికి ఇది కూడా సాక్ష్యమే.

పాతికేండ్ల శ్రమ తరువాత 1939 జనవరి 6న దోర్నకల్‌లో ఎపిఫనీ దేవాలయం ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలూ, మన మంటపాల వంటి స్తంభాలూ కలిసిన ఆ కట్టడం చూస్తే, పరదేశపు చర్చి నమూనా కాదని ఎవరికైనా తెలుస్తుంది. 1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లోనే కన్నుమూసినారు. అప్పటికి ఆ మండలంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. గురువులలో ఎక్కువమంది ఈ దేశం వాళ్ళే. దక్షిణాది సంఘాలన్నీ ఏకం కావాలని ఆయన ఎన్నో ఏండ్లు పాటుపడినారు. ఆ ఐక్యత, అంటే సి.ఎస్.ఐ., 1947 సెప్టెంబర్ 27న ఏర్పడింది. చూసే భాగ్యం ఆయనకు లేకపోయింది. 1978లో మన కరీంనగర్ కేంద్రంగా కూడా ఒక మండలం వెలిసింది.

మిత్రులారా! మన మతాలు వేరు కావచ్చు, అసలు మతమే వద్దనేవారు కూడా మనలో ఉండవచ్చు. అయినా అజరయ్యగారి జీవితం మన చదువును ఒక ప్రశ్న అడుగుతున్నది. పుస్తకాలన్నీ మన చేతిలో ఉన్నాయి, కావలసింది క్షణంలో వెదికి తీసుకోగలం. అందువల్ల ఏదీ మన లోపల ఉంచుకోవడం లేదు. పుస్తకం పట్టుకోవడం రాని కూలి మనిషి పది మాటలు నోటికి నేర్చి, వాటిని దున్నుకొని బతుకు మార్చుకున్నాడు. మూడేండ్లు చదివి బయటికి పోయేనాడు, మన యాదిలో అట్లా నిలిచి మన నడతను మార్చిన మాటలు ఎన్ని ఉన్నాయో ఎవరికి వారు లెక్క చూసుకోవాలె.