పెట్జ్వాల్ లెన్స్: బ్యాక్‌గ్రౌండ్‌ని సుడి తిప్పే గాజు.. కనిపెట్టినాయనకి దక్కింది 2000 గుల్డెన్లే!

మనిషి ముఖం స్పష్టంగా ఉంటుంది. వెనకున్న ఆకులు, లైట్లు మాత్రం ఆ ముఖం చుట్టూ సుడిగుండంలా తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. రీల్స్‌లో ఇలాంటి షాట్ చూసి చాలామంది ఎడిటింగ్ అనుకుంటారు. ఫిల్టర్ కాదు, యాప్ అంతకన్నా కాదు. 1840లో ఓ లెక్కల ప్రొఫెసర్ కాగితం మీద తేల్చిన లెన్స్ డిజైన్ పనితనం అది. ఆయన పేరు జోసెఫ్ పెట్జ్వాల్.

1807 జనవరి 6న స్పిష్‌స్కా బేలా అనే చిన్న ఊళ్లో పుట్టారు. అప్పట్లో అది హంగరీ రాజ్యం, ఇప్పుడు స్లొవేకియా. నాన్న బడిపంతులు. కుర్రాడు లెక్కల్లో వెనకబడ్డాడని, చెప్పులు కుట్టే పనిలో పెడదామని ఇంట్లో అనుకున్నారని ఓ కథ ప్రచారంలో ఉంది. అందులో నిజమెంతైనా, ఆ కుర్రాడే పెస్ట్ నగరంలో ఇంజినీరింగ్ చదివి, అక్కడే నగర ఇంజినీరుగా పనిచేసి, 1837లో వియన్నా యూనివర్సిటీలో లెక్కల ప్రొఫెసర్ అయ్యారు.

రెండేళ్లకి, 1839లో పారిస్‌లో డాగ్యురే ఫొటోగ్రఫీని ప్రపంచానికి చూపించాడు. అయితే ఓ చిక్కుంది. ఆ కెమెరా లెన్స్ లోపలికి చాలా తక్కువ వెలుతురు రానిచ్చేది. ఒక్క ఫొటో కోసం నిమిషాల తరబడి ఆగాలి. భవనాలైతే ఆగుతాయి, మనుషులు ఆగరు కదా! అందుకే ముఖాలు అలుక్కుపోయేవి. పారిస్‌లో ఆ ప్రదర్శన చూసొచ్చిన ప్రొఫెసర్ ఎట్టింగ్స్‌హౌసెన్ ఈ సమస్యను పెట్జ్వాల్ ముందు పెట్టారు.

అప్పటిదాకా లెన్స్ తయారీ అంటే గాజు అరగదీయడం, చూడడం, మళ్లీ అరగదీయడమే. పెట్జ్వాల్ ఆ దారిలో వెళ్లలేదు. వెలుగు కిరణం ఒక్కో గాజులో ఎంత వంగుతుందో ముందే లెక్క కట్టాలనుకున్నారు. కంప్యూటర్లు లేని కాలం. ఆస్ట్రియా సైన్యంలోని ఫిరంగి దళం నుంచి, గుండు ఎక్కడ పడుతుందో లెక్కేసే సిపాయిలను ఆయనకి సాయంగా ఇచ్చారు. చేత్తో వేసిన ఆ లెక్కల్లోంచి నాలుగు గాజుల లెన్స్ పుట్టింది. ముందు అతికించిన జంట, వెనక కాస్త ఎడంగా ఉన్న ఇంకో జంట. 1840లో వియన్నాలోని వోయిగ్ట్‌లాండర్ దాన్ని తయారు చేశారు. దాని ఎపర్చర్ ఎఫ్/3.6. డాగ్యురే లెన్స్ కంటే సుమారు 16 రెట్లు ఎక్కువ వెలుతురు! నిమిషాల పని సెకన్లలోకి వచ్చింది. ఊరూరా ఫొటో స్టూడియోలు నడిచాయంటే ఈ లెన్స్ పుణ్యమే.

మరి ఆ సుడి ఎక్కడిది? ఈ లెన్స్‌లో మధ్యభాగం మాత్రమే బాగా పదునుగా ఉంటుంది. ఫోకస్ తలం చదునుగా కాకుండా గిన్నెలా వంగి ఉంటుంది కాబట్టి అంచులకు వెళ్లేకొద్దీ పట్టు తప్పుతుంది. పైగా లెన్స్ గొట్టం పక్కనుంచి వచ్చే వెలుగును కొంత కోసేస్తుంది. దాంతో వెనకున్న వెలుగు చుక్కలు గుండ్రంగా కాకుండా పిల్లికన్ను ఆకారంలోకి మారి, మధ్యబిందువు చుట్టూ వరుస కడతాయి. అదే మనకి సుడిలా కనిపిస్తుంది. ముఖానికి మధ్యభాగం చాలు కాబట్టి అప్పట్లో ఎవరికీ ఇబ్బంది కాలేదు. లెన్సుల్లో ఈ వంపును కొలిచే లెక్కని ఇప్పటికీ పెట్జ్వాల్ పేరుతోనే పిలుస్తారు.

లెన్స్ హిట్టయింది. డబ్బు మాత్రం ఆయనకి రాలేదు. వోయిగ్ట్‌లాండర్ నుంచి ఒకేసారి 2000 గుల్డెన్లు ముట్టాయి, అంతే. ఆస్ట్రియా బయట పేటెంట్ లేకపోవడంతో వేరే దేశాల్లో ఎవరికి వాళ్లు కాపీ కొట్టుకున్నారు. వోయిగ్ట్‌లాండర్ 1849లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో కూడా ఫ్యాక్టరీ పెట్టారు. అప్పటికే ఇద్దరికీ చెడింది. తర్వాత పెట్జ్వాల్ డిట్జ్‌లర్ అనే మరో తయారీదారుతో కలిసి ప్రకృతి దృశ్యాల కోసం ఇంకో లెన్స్ తెస్తే, అదే తరహాది వోయిగ్ట్‌లాండర్ కూడా ఆర్థోస్కోప్ పేరుతో అమ్మకానికి పెట్టారు. గొడవ ఇంకా ముదిరింది.

మనిషి కూడా మామూలోడు కాదు. వియన్నా పక్కనున్న కాలెన్‌బర్గ్ కొండ మీద పాత మఠంలో కాపురం. క్లాసు చెప్పడానికి నల్ల అరబ్బీ గుర్రమెక్కి వచ్చేవారు. కత్తిసాములో దిట్ట.

1859లో ఆ ఇంట్లో దొంగలు పడ్డారు. నగలు, డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. పోయింది లెన్సుల మీద ఏళ్ల తరబడి రాసుకున్న రాతప్రతులు. రావాల్సిన పుస్తకం అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన మెల్లగా లెన్సుల జోలికే పోవడం మానేసి, శబ్దశాస్త్రం వైపు మళ్లారు. 1869లో ఇంటిపనులు చూసుకునే మహిళనే పెళ్లాడారు. నాలుగేళ్లకే ఆవిడ చనిపోయింది. 1877లో రిటైరై, ఒంటరిగా ఉంటూ 1891 సెప్టెంబర్ 17న వియన్నాలో కన్నుమూశారు.

డిజైన్ మాత్రం ఆగలేదు. 1866లో లండన్‌లో డాల్‌మేయర్ దీన్నే మార్చి, వెనక గాజును మర తిప్పి వదులు చేస్తే ముఖం మీద మెత్తటి మసక వచ్చేలా లెన్స్ చేశాడు. కావాలని తెచ్చుకున్న సాఫ్ట్ ఫోకస్ అన్నమాట. సినిమా హాళ్లలో వాడిన పాత ప్రొజెక్టర్ లెన్సుల్లో చాలావాటికి కూడా మూలం పెట్జ్వాల్ డిజైనే. ఇప్పుడు సుడి కోసం వెతికే కుర్రాళ్లు పాత సామాన్ల దుకాణాల్లో వాటినే ఏరుకుంటున్నారు. వాటికి ఫోకస్ రింగ్ ఉండదు కాబట్టి, ముందుకీ వెనక్కీ జరిగే మరగొట్టం తగిలించి మిర్రర్‌లెస్ కెమెరాకి బిగిస్తారు. ఎపర్చర్ తగ్గించే వీలూ ఉండదు. పట్టపగలు వీడియో తీయాలంటే ఎన్‌డీ ఫిల్టర్ తప్పదు.

సోవియట్ కాలం నాటి హీలియోస్-44 లెన్స్ డిజైన్ వేరే అయినా సుడి తిప్పడంలో తీసిపోదు. దాని ముందు గాజును విప్పి తిరగేసి బిగిస్తే అంచులన్నీ కరిగిపోయినట్టు వస్తాయి. ఇత్తడి గొట్టంలో పెట్జ్వాల్ లెన్స్‌ని మళ్లీ తయారు చేస్తామని 2013లో లోమోగ్రఫీ అనే కంపెనీ ఆన్‌లైన్‌లో చందాలు అడిగితే 13 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. ఆ కంపెనీ ఉన్నది కూడా వియన్నాలోనే.