వైద్యరత్న దీవి గోపాలాచార్యులు
దీవి గోపాలాచార్యులుగారు 1872వ సంవత్సరమున మచిలీపట్టణమునందు జన్మించిరి. ఆయుర్వేదము నభ్యసించి వైద్యవృత్తి నవలంబించిరి.

1896లో బొంబాయియందు తలసూపిన ప్లేగు క్రమముగా దక్షిణదేశమునకును వ్యాపించెను. దానిని నిశ్చయముగ కుదుర్చు మందు నాడు ఏ వైద్యమునందును లేదు. అయినను ఆచార్యులుగారు వెనుదీయక హైమాదిపానకమును, నూఱుమారులు కడిగిన నేయియగు శతధౌతఘృతమును సిద్ధపరచి రోగులకు చికిత్స చేసిరి.

రోగమునేగాక రోగి ఆహారమును, నిద్రను, దేహబలమును గూడ విచారింపవలెనని ఆయుర్వేదము చెప్పును. ఆ విద్యను వారు దాచుకొనక మదరాసునందు శిష్యులకు బోధించిరి. పాశ్చాత్యవైద్యము చదివిన ఆచంట లక్ష్మీపతిగారు సైతము వారికి శిష్యులైరి.

1913లో ప్రభుత్వము వారికి వైద్యరత్న బిరుదము నొసగెను. 1920లో వారు దివంగతులైరి. వారు నేర్పిన విద్యను శిష్యులు నిలిపిరి.