థామస్ రివర్స్

పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించుకోవలసి వచ్చిన రోజులు నెల్లూరు తీరపు పల్లెల్లోని పెద్దలకు నేటికీ జ్ఞాపకమే. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన ఆ టీకామందును గొర్రె మెదడు నుండి తయారుచేసేవారు. దక్షిణాదికి దానిని కూనూరులోని పాశ్చర్ సంస్థ అందించేది. అది అసంఖ్యాకుల ప్రాణాలు నిలిపింది. కాని వేయించుకున్న వారిలో కొందరికి, రేబిస్ సోకకుండానే కాళ్లు చచ్చుబడేవి. కాపాడవలసిన మందే కాటు వేయడమేమిటి? ఈ చిక్కుముడి విప్పడానికి దారి చూపినవాడు అమెరికా వైద్యుడు థామస్ మిల్టన్ రివర్స్.

ఆయన 1888 సెప్టెంబరు 3న జార్జియా రాష్ట్రంలోని జోన్స్‌బరోలో జన్మించాడు. జాన్స్ హాప్కిన్స్‌లో వైద్యవిద్య అభ్యసిస్తుండగా, కండరాలు క్రమంగా క్షీణించే నరాల వ్యాధి తనకు సోకిందని తెలిసింది. చదువుకు స్వస్తి చెప్పి, పనామా కాలువ ప్రాంతపు ఆసుపత్రిలో ప్రయోగశాల సహాయకుడిగా చేరాడు. మృత్యువు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. వ్యాధి ముదరలేదు. 1912లో తిరిగివచ్చి, 1915లో పట్టభద్రుడయ్యాడు. 1922లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో చేరాడు. బతికివున్న కణంలో తప్ప వైరస్ వృద్ధిచెందదని 1926లోనే ప్రకటించిన ఘనత ఆయనదే.

టీకా వల్ల వచ్చే పక్షవాతానికి వైరస్ కారణమా, మెదడు పదార్థమే కారణమా? దీనిని తేల్చడానికి రివర్స్ ఆరోగ్యవంతమైన కుందేళ్ల మెదడును నూరి, ఆ ద్రవాన్ని కోతులకు నెలల తరబడి పదేపదే ఎక్కించాడు. ఓపికను పరీక్షించే పని అది. ఆ మూగజీవులకైతే చెప్పనలవికాని బాధ. 1933లో వెల్లడించిన ఫలితాలలో ఎనిమిది కోతులలో రెండు మాత్రమే జబ్బుపడ్డాయి. అంతటితో విరమించుకొనేవారే ఎక్కువ. రివర్స్ మరల మొదలుపెట్టాడు. 1935 నాటికి, ష్వెంట్‌కర్‌తో కలిసి జరిపిన ప్రయోగాలలో, నరాలను కప్పివుండే మైలిన్ పొర నశించడం స్పష్టంగా కనిపించింది. ఏ సూక్ష్మక్రిమీ లేకుండానే, దేహాన్ని రక్షించవలసిన శక్తి దేహంపైనే తిరగబడుతున్నదని తరువాతి పరిశోధకులు గ్రహించారు.

ఇంతకీ ఆ తిరుగుబాటును రేపుతున్నది మెదడులోని ఏ అంశం? ఇతరులు మైలిన్‌లోని క్షార ప్రోటీనును వేరుచేశారు. 1970లో ఎడ్విన్ ఐలర్ బృందం మరింత లోతుకు వెళ్లి, గినియా పందులలో వ్యాధిని పుట్టించే తొమ్మిది అమినో ఆమ్లాల తునకను కృత్రిమంగా తయారుచేసింది. అంత చిన్న తునక అంత పెద్ద ఉపద్రవం తెచ్చిపెడుతుందని ఎవరు ఊహిస్తారు! ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు ఆ ప్రోటీనును అనుకరిస్తూ వ్యాధిని కలిగించబోగా, వారు చేసిన పదార్థం వ్యాధిని అణచివేసింది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు మందుగా అది 1996లో అమెరికాలో అనుమతి పొందింది.

వీటిని చూసేందుకు రివర్స్ లేడు. 1954 నాటి పోలియో టీకా క్షేత్రపరీక్షకు మార్గదర్శనం చేసి, 1962 మే 12న కన్నుమూశాడు. గొర్రె మెదడు టీకా తయారీ భారతదేశంలో 2004 చివరి వరకు సాగింది.