రుడాల్ఫ్ డీజిల్

బండి గుల్ల గట్టిగా నుండి ఇంజను మాత్రము అరిగిపోయినప్పుడు, దానిని పాతసామానుల వానికి అమ్ముటకు మనసొప్పక యజమాని మెకానిక్కు వద్దకు తెచ్చుట లోకములో తరచు జరుగు పని. విదేశములలో పడకలు, వంటపొయ్యి అమర్చుకొని దూరయాత్రలు చేయు పాత వ్యానులకును, మన దేశమున పాత పెట్రోలు జీపులకును ఈ చికిత్స జరుగుచు వచ్చినది. చైను కప్పీతో పాత పెట్రోలు ఇంజనును పైకెత్తి తీసివేసి, ఆ స్థానమున డీజిల్ ఇంజనును దింపుదురు. చూచువారికి ఒకదానిని తీసి మరియొకదానిని పెట్టుటయే యని తోచును. చేయువానికి దాని కష్టము తెలియును. డీజిల్ ఇంజను బరువైనది కనుక ముందరి కమానులకు ఒక పట్టె అదనముగా చేర్చవలసి వచ్చును. ఇంజనును నిలుపు ఆధారములను కోసి క్రొత్త చోట వెల్డింగు చేయవలెను. ఇంజను ఇరుసును గేరుపెట్టె ఇరుసును ఒక్క రేఖలో నుండవలెను; ఏ మాత్రము తప్పినను క్లచ్చి మన్నదు. క్రొత్త ఇంజను నిమిషమునకు తక్కువ చుట్లు తిరుగును కావున వెనుక ఇరుసులోని పండ్లచక్రములను మార్చనిదే బండికి పూర్వపు వేగము రాదు. త్రిప్పుట కష్టము కావున పెద్ద బ్యాటరీ కావలెను. స్పార్కు ప్లగ్గులును వాని తీగలును పోయి, వాని బదులు చమురును చిమ్ము పంపును సన్నని ఉక్కు గొట్టములును వచ్చును. ఇన్నియు ముగిసిన పిమ్మట రవాణా శాఖవారి అనుమతి పొంది క్రొత్త ఇంజను సంఖ్యను ఆర్.సి.లో వ్రాయించుకొనవలెను.

ఆ ఇంజనునకు అంత బరువేల? అంత మెల్లగా తిరుగుటయేల? నిప్పురవ్వ లేకయే చమురు ఎట్లు మండును? ఈ ప్రశ్నలన్నిటికిని ఒక మనుష్యుని జీవితమున సమాధానము కలదు. డీజిల్ అనునది చమురు పేరనియే మనలో పెక్కురు తలచుచుందురు. అది మొదట ఒక కుటుంబపు పేరు.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18వ తేదీన ప్యారిసు నగరమున జన్మించెను. తండ్రి థియోడర్ పుస్తకములకు అట్టలు కట్టువాడు, తోలుసామానులు చేయువాడు. ఆయన పూర్వులది జర్మనీలోని ఆగ్స్‌బర్గు. తల్లి ఎలీజెది న్యూరెంబర్గు. బ్రతుకుతెరువునకై ప్యారిసు చేరిన జర్మనులు వారు. పిల్లవాడు వీధిలోను పాఠశాలలోను ఫ్రెంచి భాషను, తల్లిదండ్రుల మూలమున జర్మను భాషను ఎరిగియుండెను. ఇంట తెలుగును కచేరిలో కన్నడమును వాడుకొను పావగడ బిడ్డలకు ఈ స్థితిని విప్పి చెప్పనక్కరలేదు. మన పిల్లలకు ఆ రెండు భాషల నడుమ యుద్ధము లేదు. ఆ బాలునికి వచ్చినది. 1870లో ఫ్రాన్సునకును జర్మను రాజ్యములకును పోరు మొదలు కాగా, ప్యారిసులోని జర్మనులు ఊరు విడువవలసిన వారైరి. డీజిల్ కుటుంబము చేతికందిన మూటలతో లండను చేరెను. పండ్రెండేండ్ల రుడాల్ఫును పోషించు శక్తి లేక తల్లిదండ్రులు అతనిని ఒంటరిగా ఆగ్స్‌బర్గులోని బంధువుల యింటికి పంపిరి. పుట్టిన ఊరిలో జర్మనుగా నెంచబడిన వాడు, పూర్వుల ఊరికి ప్యారిసు బాలుడుగా వచ్చెను.

ఈ ఎడబాటు అతనికి ఒక విధమున మేలే చేసెను. ఇంటి పెద్ద బార్నికెల్ అక్కడి పాఠశాలలో గణితము బోధించువాడు. అతని నీడలో బాలుడు చదువునందు అందరికంటె మొదటివాడయ్యెను. పదునాలుగవ యేట తాను ఇంజనీరు కాదలచితినని తల్లిదండ్రులకు జాబు వ్రాసెను. కొడుకు త్వరగా సంపాదనలో పడవలెనని వారి కోరిక. అతడు విద్యార్థివేతనము సంపాదించుకొని మ్యూనిచ్ పాలిటెక్నిక్కులో చేరెను. 1879లో విషజ్వరము వచ్చుటచే పట్టపరీక్షకు కూర్చుండలేక, మరల పరీక్ష జరుగువరకు కాలమును వ్యర్థము చేయక స్విట్జర్లాండులోని సుల్జరు కర్మాగారమున చేతిపని నేర్చెను. 1880 ఆరంభమున అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను.

మ్యూనిచ్‌లో అతని గురువు కార్ల్ ఫాన్ లిండె, మంచు తయారుచేయు యంత్రములకు పేరొందినవాడు. ఆవిరియంత్రములో కాల్చిన బొగ్గు యొక్క వేడిలో నూటికి పది పాళ్లయినను పనిగా మారుట లేదనియు, మిగిలినది వ్యర్థమగుచున్నదనియు గురువు పాఠములో విన్నది మొదలు ఆ నష్టమును తగ్గించుటయే శిష్యునకు జీవితధ్యేయమయ్యెను. లిండె కంపెనీ పక్షమున ప్యారిసు పోయి మంచు యంత్రములు నిలుపుచునే, తీరిక వేళల అమోనియా ఆవిరితో నడుచు ఇంజనును చేయబూనెను. అది ఒకనాడు ప్రేలి అతనిని ప్రాణాపాయమునకు తెచ్చెను. పలు మాసములు ఆసుపత్రిలో నుండవలసి వచ్చెను. ఈ నడుమ 1883లో మార్తా ఫ్లాషెను వివాహమాడెను. వారికి ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. 1890లో కుటుంబముతో బెర్లిను చేరెను.

ఇక అతని మూలభావమును చెప్పవలెను. సైకిలు పంపుతో గట్టిగా గాలి కొట్టినప్పుడు పంపు అడుగుభాగము చేతికి వేడిగా తగులును. నొక్కిన గాలి వేడెక్కును. గాలిని మరింతగా, చాలా ఎక్కువగా నొక్కినచో అందులో చిమ్మిన చమురు తనంతట మండును. నిప్పురవ్వ అవసరము లేదు. ఎంత ఎక్కువగా నొక్కితే అంత ఎక్కువ వేడి పనిగా మారును. ఇదియే డీజిల్ ఇంజను. అంతటి ఒత్తిడికి తాళుటకు గోడలు దళసరిగా నుండవలెను, అందుచే బరువు. బరువైన భాగములు వడిగా తిరుగవు, అందుచే నెమ్మది. మొదటి పంటలో మెకానిక్కు పడిన పాట్లన్నియు ఈ ఒక్క భావమునుండి పుట్టినవే.

1892లో అతడు పేటెంటునకు దరఖాస్తు చేసి మరుసటి యేడు దానిని పొందెను. ఆగ్స్‌బర్గు యంత్రశాలయు క్రుప్పు సంస్థయు ధనసహాయమునకు అంగీకరించెను. పేటెంటు చేతిలో నుండుట వేరు, ఇంజను తిరుగుట వేరు. 1893 ఆగస్టు 10వ తేదీన మొదటి ప్రయోగము జరిగెను. చమురు లోపల పడినదే తడవుగా మండి, ఒత్తిడిని కొలుచు సాధనము ప్రేలి ముక్కలై ఎగిరిపోయెను. దగ్గర నున్నవారు బ్రతికి బయటపడుట అదృష్టము. డీజిలు మాత్రము దీనిని అపజయముగా నెంచలేదు. నిప్పురవ్వ లేక చమురు మండినదిగదా! 1894 ఫిబ్రవరి 17వ తేదీన రెండవ మారు కట్టిన ఇంజను సుమారు ఒక నిమిషము తనంతట తాను తిరిగెను. ఆ ఒక్క నిమిషమును గంటలుగా మార్చుటకు మరి మూడేండ్లు పట్టినది. 1897 ఫిబ్రవరిలో మ్యూనిచ్ ఆచార్యుడు మోరిట్జ్ ష్రోటర్ దానిని పరీక్షించి, చమురులోని వేడిలో నూటికి 26 పాళ్లు పనిగా మారుచున్నదని నిర్ణయించెను. దాని బలము సుమారు 20 గుర్రములు. ఎత్తు ఒక ఆళ్లకు ఎంతో మించినది. బరువు కొన్ని టన్నులు. నేడు వ్యానులో దింపు డీజిల్ ఇంజను దానికి మూడింతల బలము కలిగియు రెండు మూడు వందల కిలోలకు మించదు.

కీర్తియు ధనమును ఒక్కసారిగా వచ్చి పడెను. అమెరికా హక్కులకై అడాల్ఫస్ బుష్ పది లక్షల మార్కులు చెల్లించెను. అయితే ఈ భావము తమదని, లేక తమకు ముందే తెలియునని వాదించినవారును బయలుదేరిరి. ఇంగ్లాండులో అక్రాయిడ్ స్టువర్టు 1890లోనే వేడిగుండు ఇంజనునకు పేటెంటు పొందియుండెను. అతని ఇంజనులో ఒత్తిడి తక్కువ; మొదలుపెట్టుటకు గుండును బయటనుండి కాల్చవలెను. అట్టి ఇంజనుకంటె డీజిల్ ఇంజను వేరనియే మా అభిప్రాయము. వ్యాజ్యములును పనిభారమును డీజిల్ నరములను దెబ్బతీసెను. 1898లో అతడు ఆరోగ్యశాలలో చేరవలసి వచ్చెను. యంత్రములయందు ఇంతటి నేర్పరికి డబ్బు లెక్కలయందు ఆ నేర్పు లేకపోయినది. మ్యూనిచ్‌లో భవ్యమైన మేడ కట్టెను. భూముల బేరములలోను చమురుబావుల వాటాలలోను పెట్టిన సొమ్ము నీళ్లపాలయ్యెను.

మన తాలూకా రైతు బిడ్డలు గుర్తుంచుకొనదగిన సంగతి యొకటి ఇక్కడ నున్నది. 1900లో ప్యారిసు ప్రపంచ ప్రదర్శనమున ఒక చిన్న డీజిల్ ఇంజనును నడిపిరి. అందులో పోసినది రాతిచమురు కాదు, వేరుసెనగ నూనె. ఆఫ్రికాలోని తమ వలస ప్రాంతములలో సెనక్కాయలు విరివిగా పండును కావున, అక్కడివారు బొగ్గునకును చమురునకును పరదేశములపై ఆధారపడనక్కరలేక తమ పంటతోనే యంత్రములు నడుపుకొనవచ్చునని ఫ్రెంచి ప్రభుత్వము తలచినది. ఇంజనును ఏమాత్రము మార్చకయే నూనెతో అది చక్కగా నడిచినందున, చూచువారిలో ఎక్కువమంది తేడానే కనిపెట్టలేదు. డీజిల్ దీనిని 1912లో తన ఉపన్యాసములలో వివరించి, పైరునూనెలు నాటికి అల్పముగా తోచినను మునుముందు ముఖ్యమగునని సూచించెను. వాననమ్మి సెనక్కాయ వేయు పావగడ మెట్టచేలలో నిలిచి ఆలోచించినచో, ఆ సూచన ఎంత దగ్గరగా వినిపించును! అయితే నూనె ధర వంటింటికే భారమైనచో ఇంజనుకు పోయుట ఎట్లను ప్రశ్న నాడును నేడును ఒక్కటే. చిక్కని నూనె చలికి గడ్డకట్టి నేటి సన్నని చిమ్మురంధ్రములను మూసివేయు చిక్కును కలదు. ఈ తాలూకాలోనే తిరుమణి పరిసరములలో 2,000 మెగావాట్లకు మించిన సౌరవిద్యుత్ క్షేత్రము వెలసి, ఇంధనమునకు మరియొక త్రోవ చూపినది.

డీజిల్ మనసులో మొదటినుండి నున్న కోరిక వేరు. పెద్ద ఆవిరియంత్రములు పెట్టగల ధనికులకే మిల్లులు దక్కి, చిన్న పనివాండ్రు నశించుచున్నారని అతడు బాధపడెను. నేతగాడు, వడ్రంగి, కమ్మరి తమ ఇంటిలోనే పెట్టుకొనదగు చవుకైన ఇంజను నిర్మింపవలెనని ఆశించెను. జరిగినది దానికి విరుద్ధము. అతని ఇంజనులు విద్యుత్కేంద్రములకును పెద్ద ఓడలకును పోయినవి. 1912లో డెన్మార్కువారి సెలాండియా ఓడ డీజిల్ ఇంజనులతో సముద్రయానము చేసి లోకమును ఆశ్చర్యపరచెను. మోటారుబండికై 1908 ప్రాంతమున స్విట్జర్లాండులో ఒక చిన్న ఇంజనును చేయించి చూచెను గాని అది నిలువలేదు. చమురును చిమ్ముటకు నాడు గొప్ప ఒత్తిడిగల గాలి కావలసియుండెను. ఆ గాలిపంపు ఒక్కటే బండికి మోయలేని బరువు.

1913 సెప్టెంబరు 29వ తేదీ సాయంకాలమున ఇంగ్లాండులో నొక డీజిల్ కర్మాగారపు పనికై, ఇద్దరు మిత్రులతో ఆంట్వర్పు రేవున డ్రెస్డెన్ అను ఓడ ఎక్కెను. భోజనమై, కొంతసేపు పచారు చేసి, ఉదయము ఆరుంబావునకు లేపుమని చెప్పి రాత్రి పది గంటల ప్రాంతమున గదికి పోయెను. తెల్లవారి చూడగా గదిలో ఎవ్వరును లేరు. పడకపై పడుకొన్న జాడ లేదు. గడియారము కనబడు చోట పెట్టబడియుండెను. ఓడ వెనుక కమ్మీల దగ్గర అతని టోపీయు కోటును మడిచిపెట్టి కనబడెను. పదిదినములు దాటిన పిమ్మట డచ్చివారి పడవకు ఒక శవము కనబడగా, వారు జేబులోని వస్తువులను మాత్రము తీసికొనిరి. కుమారుడు ఒయిగెన్ ఆ కళ్లజోడు పెట్టెను, చాకును చూచి తండ్రివని గుర్తించెను. బయలుదేరు మునుపు భార్యకు ఒక సంచి ఇచ్చి, వారము గడచిన తరువాత తెరువుమని చెప్పి పోయెను. అందులో 20,000 మార్కుల నగదును, బ్యాంకులో ఏమియు మిగులలేదని తెలుపు లెక్క కాగితములును ఉండెను. శత్రువులు చంపిరని కొందరు కథలు అల్లిరి. ఆ కాగితములు చదివినవారికి ఆ కథలు అవసరము తోచవు. అప్పటికి అతనికి 55 ఏండ్లు.

బండికి తగిన ఇంజను అతని తరువాతి వారిచేత రూపుదిద్దుకొనెను. ప్రాస్పర్ లోరాంజ్ గాలిపంపు లేకయే చమురును మండించు చిన్న అరను కనిపెట్టెను. రాబర్టు బోష్ సంస్థ 1927 నుండి చమురు పంపులను పెద్ద యెత్తున తయారుచేసెను. 1924లో జర్మను లారీలు డీజిలుతో నడిచినవి. 1929 డిసెంబరులో అమెరికాలో క్లెస్సీ కమ్మిన్సు అనునతడు పడవ కొరకు చేసిన డీజిల్ ఇంజనును ఒక పాత ప్యాకార్డు కారులో ఇరికించి, మరుసటి నెలలో ఇండియానా నుండి న్యూయార్కునకు సుమారు 800 మైళ్లు నడిపెను. చమురు ఖర్చు ఒక డాలరు 38 సెంట్లు. ఇంగ్లాండులో పెర్కిన్సు సంస్థ 1937లో పి6 అను ఇంజనును వెలువరించెను. పెట్రోలు లారీలలోని ఇంజనును తీసి దాని స్థానమున పెట్టుటకు అది ప్రసిద్ధి చెందినది. 1950ల దశకమున మద్రాసులో సింప్సన్ కంపెనీవారు ఆ పి6ను మన దేశముననే తయారుచేయుట మొదలుపెట్టిరి. డీజిల్ కోరిన చిన్న ఇంజను మన పల్లెలకును వచ్చినది: విద్యుత్తు రాని పొలములలో కపిలెడ్లను విడిపించి, బావి గట్టుపై టకటక ధ్వనితో నీరు తోడిన ఆయిలింజను అదియే.